గృహవిక్రయమును చతుస్సీమలును

మన పరిశోధకులు శిలాశాసనములను, తామ్రపత్రములను, తాళపత్రగ్రంథములను నాదరించినంతగా గృహస్థుల పెట్టెలలోని క్రయపత్రముల నాదరింపలేదు. రాజు గ్రామము నొసఁగిన శాసనము చరిత్రమనియు, సామాన్యగృహస్థుఁడు నాలుగంకణముల యిల్లు విక్రయించిన పత్రము కేవలము వ్యవహారమనియుఁ దలంచుట మనకు వాడుకయైనది. ఈ విభాగము యుక్తము గాదు. గ్రామదానశాసనమునఁ జతుస్సీమలు చెప్పఁబడినట్లే గృహవిక్రయపత్రమునను జెప్పఁబడును. దాత స్థానమున విక్రేతయు, ప్రతిగ్రహీత స్థానమునఁ గ్రేతయు నుందురు. సాక్షులును లేఖకుఁడును రెంటను గలరు. ఒకటి రాతిమీఁద నుండుటచే నిలిచినది. రెండవది కాగితముమీఁద నుండుటచే, ఇల్లు చేతులు మాఱినతోడనే నశించుచున్నది.

చిత్తూరుసీమలోని మిట్టప్రదేశమున మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూఁడూళ్లు గలవు. ఇట్టి చిన్నయూళ్లలోఁ బెద్దలనాఁటి మిద్దెయిండ్లు విక్రయమునకు వచ్చుట నేఁడు మనకందఱకు నెఱుకయైన విషయమే. వారసులలో నొకరు బెంగుళూరునను, నొకరు చెన్నపురిని, వేఱొకరు సముద్రమున కావలను నుందురు. ఇంటఁ గాఁపురముండువారు లేక వానకుఁ బైకప్పు కాఱును. తిన్నెమీఁదఁ గూర్చుండువారుండరు. తుదకు వాకిట నమ్మకపుఁబలక వ్రేలాడును. ఇట్లమ్మువారిని దూషించుట యీ వ్యాసమున కుద్దేశము గాదు. కుటుంబార్థమైన విక్రయమును మన ధర్మశాస్త్రమే యంగీకరించినది. అమ్మకముతో నింటిగోడలు మాత్రమే పోవుచున్నవా, ఊరిచరిత్రయుఁ గూడఁ బోవుచున్నదా యనునదే విచారింపఁదగిన విషయము.

శబ్దవిచారము

‘క్రీ’ ధాతువునకు ద్రవ్యవినిమయ మర్థము. ఉపసర్గ లేనప్పుడు కొనుటయు, ‘వి’ యను నుపసర్గ చేరినప్పు డమ్ముటయు నర్థము లగుచున్నవి. ఉభయపదియైన యీ ధాతువు పరి, వి, అవ అను నుపసర్గలతోఁ గూడినపు డాత్మనేపదమే యగునని పాణిని విధించెను. అనఁగాఁ గ్రియాఫలము కర్తకుఁ జెందినను జెందకున్నను ‘విక్రీణీతే’ యనియే ప్రయోగింపవలెను. అవిభక్తకుటుంబమున నింటిపెద్ద యిల్లమ్ముచోట నీ నియమము స్మరింపఁదగినది. ఫల మందఱిదైనను పదము మాత్ర మాతనికే చెందినట్లుండును. వ్యాకరణము పదమునకు విధించిన నియమమును ధర్మశాస్త్రము ధనమున కంగీకరింపలేదు. ఆ విషయము ముందు చెప్పఁబడును.

పాణినియే యాఱవ యధ్యాయమున ‘క్రయ్య’ శబ్దమును వేఱుగ సాధించెను. కొనువారికై యంగడిలోఁ బఱచి యుంచిన వస్తువు క్రయ్యము. కొనఁదగినదైనను నమ్మకమునకుఁ బెట్టనిది క్రేయము. ఇల్లు వెలకుఁ దగినదే గావున నెల్లప్పుడును గ్రేయము. వాకిటఁ బలక వ్రేలాడిన దినమున నది క్రయ్యమగును. ఈ భేదము స్వల్పముగఁ దోఁచునుగాని, క్రేయముగ నున్నంతకాల మింటిలోని పత్రములను రక్షించువాఁ డొకఁడుండును; క్రయ్యమైన పిదప వానిని జూచువాఁడుండఁడు.

తెలుఁగున ‘విలుచు’ అనఁగాఁ గొనుట. ‘వెల’, ‘విలువ’ యనునవి తత్సంబంధులు. పొరుగు తమిళమున నాధాతువే యగు ‘విల్’ అమ్ముటను జెప్పును. కుప్పము మూఁడుభాషలు కలియుచోటు. అచ్చటి యంగడిలో నొకే ధాతువు నొకఁడమ్ముటకును, మఱియొకఁడు కొనుటకును వాడఁగలఁడు. ఒకే వ్యవహారమునకు రెండుప్రక్కలు గలుగుటచే నిట్టి యర్థవిపర్యాసము భాషలయందుఁ గలుగుచుండును. పత్రమునకుఁ గల పేరునను నిదే కానవచ్చుచున్నది. వ్రాసియిచ్చువాఁ డమ్మువాఁడైనను, పత్రము కొనినవానియింట నుండును గావున లోకమున దానికిఁ గ్రయపత్రమనియు, శుద్ధక్రయదస్తావేజనియుఁ బేరు నిలిచినది.

‘ఇల్లు’ అను పదము కట్టడమునకు మాత్రమే వాచకము గాదు. ఇల్లాలు, ఇల్లటము అను పదములు దానినుండియే పుట్టినవి. అల్లుని నింటికిఁ దెచ్చికొని యాస్తియందు భాగమొసఁగు నిల్లటపు టాచారమును రెడ్లలోను, కమ్మవారిలోను మద్రాసు న్యాయస్థానము లంగీకరించినవి. కావున నిల్లన్నచోఁ గుటుంబమును, వంశమును, హక్కును నేకకాలమున స్ఫురించును. క్షేత్రవాచకమైన ‘చేను’ అను పదమునకు నింతటి వ్యాప్తి లేదు.

ధర్మశాస్త్రమతము

కల్యాణపురి చాళుక్యుఁడగు నాఱవ విక్రమాదిత్యుని (1076–1126) కాలమున విజ్ఞానేశ్వరుఁడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యను రచించెను. తిక్కన సమకాలికుఁడగు కేతన తెలుఁగున విజ్ఞానేశ్వరమును గూర్చెను. మన సీమలో దాయవిభాగమునకు మితాక్షరయే ప్రమాణము. దాని ప్రకారము పితృపితామహార్జితమైన ధనమునఁ బుత్రునకు జన్మచేతనే స్వత్వము గలుగును. కావునఁ దండ్రి యొక్కఁడే తన యిచ్చవచ్చినట్లు స్థావరము నమ్మరాదు. అయిన నాపత్కాలమునను, కుటుంబపోషణార్థమును, విశేషించి ధర్మకార్యార్థమును నొక్కఁడైన నమ్మవచ్చునని మినహాయింపు గలదు. 1856 లో హనుమాన్ ప్రసాద్ పాండే వ్యాజ్యెమునఁ బ్రీవీ కౌన్సిలువా రీ యావశ్యకతను గూర్చియే తీర్పు చెప్పిరి.

మితాక్షరలో నుదాహరింపఁబడిన యొక స్మృతివచనమున భూమి యాఱింటిచేత నన్యునకుఁ జెందునని యున్నది. స్వగ్రామము, జ్ఞాతులు, సామంతులు, దాయాదులు అను నలువుర యనుమతియు, హిరణ్యదానమును, ఉదకదానమును నాయాఱు. విజ్ఞానేశ్వరుఁడు వీనికిఁ జెప్పిన ప్రయోజనములు చక్కగఁ బరిశీలింపఁదగినవి. గ్రామానుమతి లేనిదే విక్రయము చెల్లదని యాతఁ డనలేదు. విక్రయము నలువురకుఁ దెలియుటయే దాని ప్రయోజనమనెను. సామంతానుమతి పొలిమేరతగవులు పుట్టకుండుటకు. విభక్తులైన దాయాదుల యనుమతి, వీరు విభక్తులో యవిభక్తులో యను సంశయము తొలఁగి వ్యవహారము సుకర మగుటకు. స్థావరవిక్రయము శాస్త్రనిషిద్ధము, దానము ప్రశస్తము. కావున నమ్మవలసివచ్చినను బంగారమును, నీళ్లను ధారవోసి దానరూపముననే యమ్మవలెనని యాతని సిద్ధాంతము.

ఇచ్చట సామంతశబ్ద మొక విశేషము. ధర్మశాస్త్రమున సామంతుఁ డనఁగా సీమ కానుకొనియున్న పొరుగువాఁడు. చరిత్రగ్రంథములలో సామంతుఁ డనఁగాఁ గప్పముగట్టు చిన్నరాజు. చక్రవర్తి రాజ్యమున కంచున నున్నవాఁడును, మన యింటిగోడ కావలనున్నవాఁడును నొకే శబ్దముచేఁ జెప్పఁబడుచున్నారు. సీమావివాదమునఁ బ్రథమసాక్షి సామంతుఁడే. క్రయపత్రమునఁ జతుస్సీమలు చెప్పునపుడు పొరుగువారి పేరులు వ్రాయుటకు మూలమిదియే.

బృహస్పతి లౌకికలేఖ్యముల నేడు తెఱఁగులుగ విభజించి, గృహక్షేత్రాదులను గొనునపుడు తుల్యమూల్యమును బేర్కొని వ్రాయించు పత్రమునకుఁ గ్రయలేఖ్యమని పేరిడెను. గృహము ముందును, క్షేత్రము పిదపను జెప్పఁబడుట గమనింపఁదగినది.

మూఁడూళ్ల స్థితి

ఈ మూఁడూళ్లును నేఁడు పొరుగూళ్లవలెఁ గనఁబడుచున్నను, పూర్వ మొకే వ్యవస్థలోనివి గావు. మదనపల్లె 1800 లో నిజామునుండి కుంపిణీకి సంక్రమించిన దత్తమండలములలోనిది. మొదటి ప్రధానకలెక్టరగు థామస్ మన్రో కాలమున నచ్చట రైతువారీపద్ధతి ప్రబలినది. పుంగనూరు జమీందారీ, కుప్పము ప్రధానస్థానముగఁ గల కంగుంది జమీందారీ, యీ రెండును ఉత్తరార్కాటు జిల్లాలోనివి.  1911 ఏప్రిలు 1 వ తేదిని జిత్తూరుజిల్లా యేర్పడినపుడు కడపజిల్లానుండి మదనపల్లెయు, ఉత్తరార్కాటునుండి తక్కిన రెండును వచ్చి యొకచోఁ జేరినవి.

మదనపల్లెలోని యొక యిల్లు గదలకయే యెన్ని పేరులక్రిందికిఁ బోయినదో చూడుఁడు. అది కడపజిల్లా మదనపల్లెలో నుండెను. 1911 లోఁ జిత్తూరుజిల్లాదైనది. 1953 లో మద్రాసురాష్ట్రమును విడిచి యాంధ్రరాష్ట్రమునఁ జేరినది. 1956 లో నాంధ్రప్రదేశమునందున్నది. 2022 ఏప్రిలు 4 వ తేదిని అన్నమయ్యజిల్లాలోనిదైనది. తాతనాఁటి పత్రమునఁ దండ్రినాఁటి జిల్లా లేదు. ఇన్ని మార్పులలోను నొకపత్రము నింకొకపత్రముతో ముడివెట్టునవి చతుస్సీమలు మాత్రమే.

పుంగనూరు, కుప్పములలో వేఱొక విశేషము గలదు. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టము 1948 లో వచ్చినది. దానిచే జమీలు ప్రభుత్వపరమైనను, గట్టడముల విషయమున నొక భేదము పాటింపఁబడినది. జమీపాలనకై కచేరిగ నుపయోగపడుచుండిన కట్టడములు ప్రభుత్వమునకుఁ జెందెను. తక్కిన యిండ్లు, పూర్వ మెవరివో వారికే నిలిచెను. అనఁగా నేలమీఁది ప్రభుత్వము పోయినను, నింటిమీఁది స్వామ్యము నిలిచినది. పూర్వపత్రములలోఁ గచేరి హద్దుగఁ జెప్పఁబడిన యిల్లు, తరువాతి పత్రములలోఁ బ్రభుత్వకార్యాలయము హద్దుగఁ జెప్పఁబడును. ఆ రెండు పత్రములను జేర్చి చదివినవానికి జమీందారీ యంతరించిన కథ యొక్కమాటలోఁ దెలియును.

చతుస్సీమలు

గ్రామములలోని నివేశనస్థలమును గ్రామకంఠమనియు, నత్తమనియు వ్యవహరింతురు. వ్యవసాయభూమికున్నట్లు దానికిఁ బూర్వము శిస్తులేదు; శిస్తులేనిచోటఁ బట్టాలేదు. కావున నింటికిఁ బ్రమాణము ప్రభుత్వపు లెక్కలలోఁ గాక కుటుంబపు పెట్టెలోనే యుండెను. తూర్పున నమ్మవారిగుడికిఁ బోవు వీథి, దక్షిణమున నొకరి యింటి యుమ్మడిగోడ, పడమట నీళ్లుపాఱు సందు, ఉత్తరమున మఱొకరి పెరటిదొడ్డి యని యిట్లు ప్రదక్షిణక్రమమునఁ జెప్పుట వాడుక. కొలత యంకణములలోఁ జెప్పఁబడుచుండెను. దూలమునకు దూలమునకు నడుమనున్న యెడమే యంకణము. అది కట్టడమునుండి పుట్టిన కొలత. తరువాత నది చదరపుటడుగుల లెక్కగ మాఱి, యొకచో 36 అనియు, నొకచో 72 అనియు నేర్పడినది. నేఁటి పత్రములలో సెంట్లు చేరినవి; సెంటనఁగా నెకరమున నూఱవవంతు, 435.6 చదరపుటడుగులు. సెంటు నేలకొలఁత, అంకణ మింటికొలఁత. కొలతపేరు మాఱుటతోడనే, అమ్మఁబడునది యిల్లు గాక నేలయను భావము ప్రబలినదని నాకుఁ దోఁచుచున్నది.

1908 నాఁటి రిజిస్ట్రేషను చట్టపు 21 వ విభాగ మీ విషయమున మన పరిశోధకులకు మిత్రము. పట్టణములలోని యిల్లు ఏ వీథికి నేదిక్కున నున్నదో చెప్పవలెననియు, నందు నేఁ డెవరున్నారో పూర్వమెవరుండిరో చెప్పవలెననియు, సంఖ్యయున్నచో దానినిఁ గూడ వ్రాయవలెననియు నందున్నది. పూర్వనివాసులను జెప్పుమనుట చరిత్రను జెప్పుమనుటయే గదా! అయిన వాడుకలో సర్వేసంఖ్యయు, ఇంటిసంఖ్యయుఁ బ్రధానములై, పూర్వనివాసుల ప్రసక్తి సన్నగిల్లినది.

పత్రములలోఁ గానవచ్చు నింకొక వాక్యభాగము ‘నిధి నిక్షేప జల పాషాణ అక్షీణి ఆగామి సిద్ధ సాధ్యములు’ అను నష్టభోగముల పట్టిక. ఇది యగ్రహారదానశాసనములనుండి గృహపత్రములలోనికి దిగివచ్చినది. గ్రామమిచ్చురాజు భూగర్భమునఁగల ధనమును, ఱాళ్లను, జలమును, రాఁబోవు ఫలమును నిచ్చుట యర్థవంతమే. నాలుగంకణముల యింటియందు నిధియెక్కడిది? పైఁగా 1878 నాఁటి నిధిచట్టము ననుసరించి పదిరూపాయలకు మించిన పాతరధనము దొరకినచోఁ గలెక్టరునకుఁ దెలుపవలెను; కావున నమ్మువాఁడు నిధినిచ్చితిననినంతమాత్రమున నది కొనినవానిది గానేరదు. లేఖకు లర్థము విచారింపక పూర్వపాఠమును గాపాడుటచే నీమాట నిలిచినది. అయిన నది వ్యర్థమని నేననను. విజయనగరకాలపు దానశాసనపరిభాష పుంగనూరు వీథిలోని యింటిపత్రమునను వినఁబడుట, భాషాచరిత్రమునఁ జిన్నసంగతి గాదు. దాని ప్రక్కనే దస్తావేజు, హద్దు, రాస్తా యను పారసీకారబ్బీపదములును, రిజిస్టరు, నంబరు అను నాంగ్లపదములు నుండును. ఒక్కపుటలో మూఁడు ప్రభుత్వముల భాషలు పొరలుపొరలుగ నున్నవి.

గృహమునకుఁ గల ప్రత్యేకరక్ష

ఆంగ్లేయశాసనములు ధనమునంతటిని వెలకట్టి యేకరీతిఁ జూచినవని మన మనుకొందుము. గృహవిషయమున నట్లు గాదు. 1882 నాఁటి ఆస్తిబదిలీచట్టము నూఱురూపాయలును నంతకుమించియు విలువగల స్థావరవిక్రయమునకు రిజిష్టరుపత్రము నావశ్యకముచేసినది. అందే 44 వ విభాగమున, నవిభక్తకుటుంబపు నివాసగృహమున నొక భాగమును గొనిన పరునకుఁ గుటుంబమువారితోఁ గలసి నివసించు హక్కు లేదని చెప్పినది. 1893 నాఁటి విభాగచట్ట మింకను ముందునకుఁ బోయినది. అట్లు భాగము గొనిన పరుఁడు విభాగమునకై దావావేసినచోఁ గుటుంబములోని భాగస్థుఁ డా భాగమును న్యాయస్థానము నిర్ణయించిన వెలకుఁ దానే కొనవచ్చును. జ్ఞాతులును, దాయాదులును సమ్మతింపవలెనన్న స్మృతికారుల యాశయమే యిచ్చట వేఱువేషమునఁ గనఁబడుచున్నది.

ఈ రక్షణయే యాఁడుబిడ్డల విషయమున నడ్డుగోడయైనది. 1956 నాఁటి హిందూవారసత్వచట్టపు 23 వ విభాగము, కుటుంబము పూర్తిగఁ గాఁపురమున్న నివాసగృహమును మగవారసులు పంచుకొనఁ దలపెట్టువఱకు నాఁడువారసురాలు విభాగము కోరరాదని నిషేధించెను. ఆ యింట వసించు హక్కు కూఁతుళ్లలోఁ బెండ్లికానివారికిని, భర్తనుగోల్పోయినవారికిని, భర్తచే విడువఁబడినవారికిని, భర్తనుండి వేఱుపడినవారికిని మాత్ర ముండెను. ఆంధ్రప్రదేశము 1985 సెప్టెంబరు 5 వ తేదినుండి యవివాహితలైన కూఁతుళ్లకు జన్మచే భాగమొసఁగెను. కేంద్రచట్టము 2005 లోఁ గూఁతుళ్ల కందఱకు సమభాగమిచ్చి, నివాసగృహమును గూర్చిన యా 23 వ విభాగమును దొలఁగించెను. నేఁడు కుటుంబగృహపు విక్రయపత్రమున సోదరుల ప్రక్కన సోదరీమణుల సంతకములు గలవన్న, నది సామాన్యవిషయము గాదు. విజ్ఞానేశ్వరుఁడు చెప్పిన జన్మస్వత్వము కొడుకునుండి కూఁతువఱకు వచ్చుటకుఁ దొమ్మిదివందల యేండ్లు పట్టినది. ఇల్లమ్ముట యొకరికి దుఃఖమైనను, నింకొకరికిఁ జిరకాలమునకు లభించిన న్యాయము గావచ్చును. కావున నిండ్లమ్మరాదని వాదించుట పండితులకుఁ దగదు.

పోవునదేమి?

ఇల్లు పోవుచోఁ బోనిండు, పత్రములు పోరాదు. 1998 లో మనరాష్ట్రమున రిజిస్ట్రేషనుశాఖలోఁ గంప్యూటరులు ప్రవేశించినవి. కొనువాఁ డిప్పుడు ఋణభారపత్రమును సులభముగఁ బొందుచున్నాఁడు. వాని యవసరమునకు నిటీవలి దశాబ్దముల లెక్క చాలును. అంతకుఁ బూర్వపు విడుదలచీటీలు, భోగ్యపత్రములు, భాగపరిష్కారపు పట్టీలు క్రేతకుఁ బనికిరావు, విక్రేతకు భారము. అవి యటకమీఁదనుండి చెత్తలోనికిఁ జేరును.

కరణీకపు కుటుంబముల యిండ్లలో నష్ట మింకను నెక్కువ. 1984 లో వంశపారంపర్యపు గ్రామోద్యోగములు రద్దైనవి. అప్పగింపఁబడిన లెక్కలు పోఁగా, పూర్వతరముల స్వంతప్రతులును, గవిలెకట్టలును నిండ్లలోనే మిగిలియుండవచ్చును. కర్నల్ మెకంజీ కాలమునఁ గైఫీయతులు వ్రాయఁబడినది యిట్టి కవిలెల యాధారముననే గదా. కావలి సోదరు లా కాలమున నూరూరఁ దిరిగి సేకరించిరి. నేఁడు మన మొక వీథిలోనే సేకరింపలేకున్నాము.

ప్రభుత్వకార్యాలయములలో నున్నవి చాలునని యూరకుండరాదు. 2024 జూలై 21 వ తేది రాత్రి మదనపల్లె సబుకలెక్టరు కార్యాలయమున నగ్నిప్రమాదము సంభవించి భూసంబంధమైన దస్త్రములు దగ్ధములైనవి. అట్టిదినమున గృహస్థుని పెట్టెలోని ప్రతికిఁ గల విలువ యందఱకును దెలిసినది. ధర్మశాస్త్రమున గ్రామమును, సామంతులను, దాయాదులను సాక్షులుగఁ గోరుటకుఁ గారణమిదియే: సాక్ష్యము పెక్కుచోట్లనున్న నొకచోట నశించినను మఱొకచోట నిలుచును.

ఇల్లు చేతులు మాఱినను జరిత్ర నిలువవచ్చుననుటకు దృష్టాంతములు లేకపోలేదు. 1820 లోఁ గడపకు వచ్చిన బ్రౌనుదొర యచ్చట బంగళా గొని పండితులచేఁ గావ్యములను బరిష్కరింపించెను. కాలక్రమమున నా కట్టడము శిథిలమైనను, జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పూనికతో నాస్థలమున బ్రౌను గ్రంథాలయము వెలసినది. మదనపల్లెలో 1895 లో జిడ్డు కృష్ణమూర్తి జన్మించిన చిన్నయిల్లు స్మారకముగ రక్షితమైనది. అయిన నట్టి భాగ్యము వేయింట నొక యింటికైనఁ గలుగదు. తక్కిన యిండ్లకు స్మారకములు వలదు. నాలుగుపంక్తుల ప్రతిలేఖనము చాలును.

కావున మన పాఠశాలల తెలుఁగుపండితులకు నా మనవి యిది. మీ యూర నొక ప్రాఁతయిల్లు విక్రయమునకు వచ్చినదని విన్నతోడనే గృహస్థుల నడిగి, పూర్వపత్రములనుండి యైదు విషయములు వ్రాసికొనుఁడు: తేదియు సంవత్సరనామమును, వీథిపేరును జతుస్సీమలును, కొలతయు దాని పేరును, చెల్లించిన వెలయు నాణెమును, లేఖకుని యూరును భాషయును. ప్రతిలేఖనమున మూలపువర్ణక్రమమును దిద్దకుఁడు; లేఖకుని తప్పు ప్రాంతీయోచ్చారణమునకు సాక్ష్యము గావచ్చును. గృహస్థుల కుటుంబవిషయములు వెల్లడింపవలదు. మనకు వలసినవి వీథులు, బావులు, గుళ్లు, వృత్తులు, మాటలు. ఒక వీథిలోని పదియిండ్ల చతుస్సీమలు చేరినచో నొకదాని పడమటిహద్దు మఱొకదాని తూర్పుహద్దై, నూఱేండ్లక్రిందటి వీథి తనంతఁ దానే పటముగ నేర్పడును. విక్రయమునకు రిజిష్టరుదిన మొకటి యుండును. ఆ దినమునకు ముందే యీ పని ముగియవలెను.